బార్లీ కోసిన చేలో చిందు

పొలాల్లో పాతకాలపు నాణేలూ నగలూ వెతికే మా మెటల్ డిటెక్టర్ల క్లబ్బులో కొత్తగా చేరినవాళ్లకి మొదటి పాఠం నేనే చెబుతాను. మిషను ఎలా ఊపాలో మగవాళ్లు గంటలు గంటలు చెప్పుకుంటారు. రైతు పొలంలో, వంటింట్లో ఎలా మసలుకోవాలో చెప్పడం నా వంతు. గేటు ఎలా ఉంటే అలాగే వదిలి రావాలి. గుంత పూడ్చి, తీసిన గడ్డిపెళ్ల మళ్లీ పెట్టి తొక్కాలి. సాయంత్రం సంచిలో ఉన్నదంతా రైతు బల్ల మీద పరచాలి, సీసా మూతలూ తుప్పు మేకులతో సహా. ఇదంతా చెప్పి, చివర్లో ఎప్పుడూ ఒకటే అనేదాన్ని: "ఏదైనా అనుమానం వస్తే క్లిఫర్డ్ థర్కెటిల్ ఏం చేస్తాడో చూసి అదే చెయ్యండి."

పోయిన వసంతం నుంచి ఆ మాట అనడం మానేశాను.

ఇంగ్లండులో మా నార్ఫోక్ పల్లెల్లో పొలాల అడుగున నీళ్లు పోయే గొట్టాలు సగం క్లిఫర్డ్ వేసినవే. నలభై ఏళ్లు ఊరివాళ్ల చేలన్నీ తవ్వాడు. తనకంటూ సెంటు భూమి లేదు. పెళ్లీ చేసుకోలేదు. పని మానేశాక మిషను ఒకటి కొనుక్కుని, ప్రతి ఆదివారం వాల్టర్ గూడరమ్ అనే రైతు పొలంలో తిరిగేవాడు. ఇద్దరి మధ్యా ఒక కాగితం ఉంది. దొరికింది ఏదైనా చెరిసగం, దాచేది ఏదీ లేదు, కింద రెండు సంతకాలు.

మొదటి రోజే క్లిఫర్డ్ బల్ల మీద అన్నీ పరిచి, సంచి తిప్పి దులపబోయాడట. వాల్టర్ చెయ్యి పట్టుకుని ఆపాడు. "వద్దులేవయ్యా. సంచి తిప్పి చూడాల్సిన మనిషివైతే అసలు గేటే తీసేవాణ్ణి కాదు" అన్నాడు. ఈ ముచ్చట క్లిఫర్డ్ ఎన్నిసార్లు చెప్పాడో! చెప్పిన ప్రతిసారీ మెడ కాస్త నిటారుగా అయ్యేది.

నిజాయితీకి బహుమతిగా ఒక కప్పు పెట్టి క్లిఫర్డ్‌కి ఇద్దామన్న ఆలోచన నాదే. క్లబ్బు కార్యదర్శిని కదా, నాకు ఇలాంటివి బాగా తోస్తాయి. వాల్టర్ చేతుల మీదుగా ఇప్పించాలని ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన భార్య మ్యూరియల్ ఆ చలికాలమే పోయింది. పెద్దాయన గడపలో కూర్చుని బూట్ల బురద గీకుతున్నాడు.

"క్లిఫర్డ్‌కి కప్పు ఇస్తున్నామండీ. మీరొచ్చి ఇవ్వాలి."

"దేనికట?"

"నిజాయితీకండీ. మన దగ్గర ఇంకెవరున్నారు?"

కాసేపు బురదే గీకాడు. "ఇంకెవర్నైనా పిలుచుకో డోరీన్. ఆ రోజు నాకు పంది ఈనేలా ఉంది."

తేదీ నేనింకా చెప్పనే లేదు.

నాకు ఒళ్లు మండింది. తిన్నగా క్లిఫర్డ్ ఇంటికి వెళ్లి, బంగాళాదుంపల తొక్క తీస్తున్న మనిషి ఎదురుగా నిలబడి మొదలుపెట్టాను. "మీ ముసలాయనకి ఎంత పొగరయ్యా! ఇన్నేళ్లు పొలానికి కాపలా కుక్కలా తిరిగావు, వచ్చి ఒక కప్పు చేతికివ్వడానికి పందుల్ని అడ్డం పెట్టుకుంటున్నాడు."

క్లిఫర్డ్ కత్తి కింద పెట్టాడు. మేడ మీదికి వెళ్లి పొగాకు డబ్బా ఒకటి తెచ్చి నా ముందు తెరిచాడు. దూదిలో బంగారు బిళ్ల, బొటనవేలి గోరంత. మధ్యలో ఎర్రరాయి. పదమూడు పద్నాలుగు వందల ఏళ్లనాటిదని నా కళ్లకే తెలిసింది.

"వాల్టర్ గారి చేలోదే," అన్నాడు. "ఎనిమిదేళ్లయింది. బార్లీ కోసిన పై చెక్కలో."

అతనే చెప్పుకుపోయాడు. "ఒక్క రాత్రి నా దగ్గర ఉంచుకుందామనుకున్నా డోరీన్. నలభై ఏళ్లు అందరి నేలా తవ్వాను, ఒక్క రాత్రి నాది అనుకుంటే ఏం పోయిందీ అనుకున్నా. తెల్లారింది, ఇవ్వలేదు. పాత బంగారం దొరికితే పద్నాలుగు రోజుల్లో అధికారికి చెప్పాలని చట్టం కదా, అవీ దాటిపోయాయి. ఆ తర్వాత ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఎవరికి చూపించినా ఎక్కడిదని అడుగుతారు. ఆఖరికి నాకే దాన్ని చూడాలంటే సిగ్గేసి డబ్బా తియ్యడం మానేశా."

"ఆ సాయంత్రం బల్ల మీద ఏం పెట్టావు?"

"రెండు బొత్తాలు, ఒక సీసపు గుండు." "ఆవేళ మ్యూరియల్ గారు కేకు కోశారు. నీలం అంచు ప్లేట్లు తీశారు. ఎవరి పుట్టినరోజో అనుకున్నా. రెండు ముక్కలు తిన్నాను కూడా."

నోటికొచ్చినట్టు తిట్టాను. అందులో సగం కోపం అతని మీద కాదు. ఇన్నేళ్లు కొత్తవాళ్ల ముందు ఈ మనిషిని నెత్తిన పెట్టుకుని ఊరేగింది నేనే. ఆ సిగ్గు తిట్టిస్తోంది. డబ్బా మూసి, కోటు అతని మీదికి విసిరి, "నడు, ఇప్పుడే" అన్నాను.

వాల్టర్ వంటింట్లో క్లిఫర్డ్ కూర్చోలేదు. డబ్బా బల్ల మీద పెట్టి మూత తీసి, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. పెద్దాయన బిళ్లని అరచేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఆయన ముఖంలో ఆశ్చర్యం నాకెక్కడా కనబడలేదు.

"ఇంత చిన్నదా," అన్నాడు. "నీ గంతులు చూసి కుండెడు అనుకున్నా."

మాలో బంగారం దొరికినవాళ్లు ఉన్నచోటే చిందెయ్యడం అలవాటు. చూసేవాళ్లకి నవ్వొస్తుంది గాని కాళ్లు మాట వినవు. ఎవరూ లేరనుకుని ఆవేళ క్లిఫర్డ్ కూడా వేశాడు.

"చూశారా?" అన్నాడు క్లిఫర్డ్, వినబడీ వినబడనట్టు.

"పై దారిలో ట్రాక్టరు మీదున్నా. టోపీ ఎగరేశావు. మోకాళ్ల నొప్పులని ఏడ్చేవాడివి, ఒంటికాలి మీద గిర్రున తిరిగావు. నవ్వుకుంటూ ఇంటికొచ్చి, క్లిఫర్డ్‌కేదో దొరికిందోయ్ అని మ్యూరియల్‌తో చెప్పా. కోతల విందుకని చేసిన కేకు కోసేసింది. మా పెళ్లినాటి ప్లేట్లు తీసింది. నువ్వొచ్చి బొత్తాలు పెట్టావు."

"మరి అడగొచ్చు కదండీ," అన్నాను నేను, ఉండబట్టలేక.

"అడిగి చెప్పించుకుంటే అది చెప్పడమవుతుందా? ఇవాళ చెబుతాడు, ఇవాళ చెబుతాడు అంటూ మ్యూరియల్ ప్రతి ఆదివారం టీకి కెటిల్ పెట్టేది. ఆసుపత్రిలో కూడా అడిగింది, తెచ్చాడా అని. తెచ్చాడనే చెప్పా. ఎలా ఉందీ అంది." ఆయన బిళ్లని జాగ్రత్తగా దూదిలో పెట్టాడు. "ఏం చెప్పను? నేను చూస్తే కదా."

క్లిఫర్డ్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. నేను నేల చూపులు చూశాను. అంత సిగ్గుపడ్డ మనిషిని చూస్తూ కూర్చోవడం కూడా తప్పే అనిపించింది.

అధికారికి ఫోను క్లిఫర్డ్ అక్కడినుంచే చేశాడు. తర్వాత పోలీసులు పిలిచి గట్టిగా హెచ్చరించారు. బిళ్ల మ్యూజియానికి వెళ్లింది. క్లబ్బు హాల్లో అందరి ముందూ తనే లేచి చెప్పుకున్నాడు. ఇవన్నీ ఎలాగో ఓర్చుకున్నాడు.

ఆ రోజు గుమ్మం దాటబోతూ, "ఇక మీ పొలంలో అడుగుపెట్టనండీ" అన్నాడు.

"ఎందుకు పెట్టవూ? ఆదివారం రా," అన్నాడు వాల్టర్. "సంచి మాత్రం తిప్పి చూపించు."

ప్రతి ఆదివారం వెళుతున్నాడు. మొన్న పని మీద వెళితే నేనూ ఆ వంటింట్లోనే ఉన్నాను. బల్ల మీద మూడు మేకులు, ఒక గుర్రపు లాడం ముక్క. క్లిఫర్డ్ సంచి లోపలి గుడ్డ బయటికి లాగి, రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. వాల్టర్ కళ్లజోడు పెట్టుకుని, మూలల్లో కుట్ల వెంట వేలు పోనిచ్చి చూశాడు. చూసి, టీ పొయ్యడానికి లేచాడు.