అమ్మను మోయనీయని భుజం

మా అమ్మ పాడెను నన్ను మోయనీయలేదు. అడ్డుపడింది మా అన్నే, అదీ వీధి వీధంతా చూస్తుండగా. "నువ్వు దోవలో పడితే అమ్మ కూడా పడుతుందిరా. తప్పుకో." నా చేతికి బొరుగుల గంప ఇచ్చి, చల్లుకుంటూ వెనక రమ్మన్నారు. కన్నకొడుకుని! మరచిపోయేంత మంచివాణ్ని కాను నేను.

నాకు చిన్నప్పటినుంచీ మూర్ఛ. అందుకే బడి మాన్పించారు; చదువు నేనే కూడబలుక్కున్నాను. ధర్మపురిలో అన్న అంగట్లో కూడా బేరానికొచ్చినవాళ్ల కంట పడకుండా వెనక మూటల మధ్య కూర్చోబెట్టేవారు. అమ్మ పోయాక, ఆ కోపంతోనే పెద్దాసుపత్రికి పోయి వరుసలో నిలబడ్డాను. డాక్టరమ్మ మాత్రలు రాసింది. "బరువు మోయొచ్చా?" అన్నాను. "మాత్ర మానకుంటే మోయొచ్చు. మెల్లమెల్లగా, తోడు పెట్టుకుని," అంది. అంగడి మూటల సంగతి అడిగాననుకుని ఉంటుంది.

తెల్లవారగానే నల్లంపల్లి రోడ్డున నడక, తరవాత మైదానంలో బస్కీలు, దండీలు. తోడు వచ్చేది రిటైరైన బస్సు కండక్టరు ఒకడు. నేను రొప్పుతూ ఆగితే చాలు, "పోలాం, రైట్!" అని అరవంలో బస్సు కదిలించినట్టు వెక్కిరించేవాడు. మూర్ఛలు పలచబడి, చివరికి రావడమే మానేశాయి. ఎక్కడ పడతానో అని నేల చూస్తూ నడిచేవాణ్ని, తలెత్తి నడవడం అప్పుడే తెలిసింది.

ఒకనాడు బస్‌స్టాండులో ఒక కాలేజీ పిల్ల పడి కొట్టుకుంటోంది. జనం "సావి, సావి" అంటూ తాళంచెవులకోసం జేబులు తడుముకుంటున్నారు. నా అరచేతుల్లో ఎందరి తాళంచెవులు గుచ్చుకున్నాయో! "ఇనుముతో పోయే జబ్బయితే నేను ఇనుపకొట్టే పెట్టుకుందును," అని కసిరి, తల కింద నా తువ్వాలు పెట్టాను. కొట్టుకోవడం ఆగాక పక్కకు తిప్పి, తెలివొచ్చేదాకా కూర్చున్నాను. ఆ పిల్ల మొదట అడిగింది ఒకటే: "అందరూ చూసినారా?"

"చూసినారు. నన్నూ ఇట్లే చూసినారమ్మా. లేచి తిరగతా ఉండా గదా!"

ఆ పిల్లే నా తొలి శిష్యురాలు. తరవాత ఈ జబ్బున్నవాళ్లు మొరప్పూర్ నుంచి కూడా వచ్చారు. వాళ్లను ఆసుపత్రికి తీసుకుపోతాను, డాక్టరు సరేనంటే మైదానానికీ తీసుకుపోతాను.

నిరుడు అన్నకు జ్వరమొచ్చి, ఆయాసంతో మేడమీద లేవలేకపోయాడు. కింద ఆంబులెన్సు నిలబడింది. ఇరుకు మెట్లలో స్ట్రెచర్ తిరగలేదు. కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు దించాలి; దిగేటప్పుడు బరువంతా ముందువాడిమీదే పడుతుంది. నేను కుర్చీ ముందు కాళ్లు పట్టుకున్నాను. అన్న కొడుకు, "చిన్నాయనా, నువ్వు తప్పుకో. పక్కింటోళ్లను పిలుచుకొస్తా," అన్నాడు.

మళ్లీ అదే మాట, తప్పుకో. ఒళ్లు మండింది. కుర్చీ వదలకుండానే అన్న మొహంలోకి చూసి, ఇన్నేళ్లూ మింగినది అడిగేశాను. "అమ్మను మోయనీయకపోతివే, నిన్ను మోయనిస్తావా?"

అన్న ఊపిరి కూడదీసుకున్నాడు.

"అమ్మకు అప్పుడు నోరు లేకపోయెరా, ఉంటే నన్నే తిట్టుండు. నాకు నోరుంది, చెప్తా ఉండా. ముందర నువ్వే పట్టు. వాణ్ని వెనక పట్టమను."