వానకోటు లేని వీధి

చేతిలో నోటుబుక్కు, జేబులో పెన్ను ఉంటే లోకమంతా మనకు జవాబులు చెప్పడానికే పుట్టిందనుకునే వయసు ఒకటుంటుంది. నాకు అది కాస్త ఆలస్యంగా వదిలింది. నెల్లూరులో ఒక పత్రికలో ట్రైనీగా ఉన్న ఆ రోజుల్లో మా డెస్కు పెద్దాయన (నేను తెచ్చిన వార్తల్లో నా పేరు తప్ప ఏదీ నమ్మేవాడు కాదు) పిలిచి, "రెయిన్‌కోటు రాకముందు మనవాళ్లు వానకు కప్పుకున్న దాన్ని ఏమనేవాళ్లు? ఆ మాటా, దాని పుట్టుకా పట్టుకురా. శనివారంలోగా అది రాకపోతే నువ్వూ రానక్కర్లేదు" అన్నాడు. ఉద్యోగం పోతే మా మేనమామ రొయ్యల మేత దుకాణమే గతి.

ముందు కోట అనే ఊళ్లో ఒక రిటైర్డు మాస్టారిని కలిశాను. "కోటు అనేది మా ఊరి పేరులోంచే పుట్టింది. ఊరికి కోట, ఒంటికి కోటు" అన్నారాయన, నేను రాసుకుంటున్నానో లేదో ఓరగా చూస్తూ. రాసుకున్నాను గానీ, ఆ లెక్కన చొక్కా ఏ ఊరిదని అడగాలనిపించింది.

మర్నాడు ముసురులో విడవలూరు దగ్గర ఒక పల్లెకు వెళ్లాను. మొదటి ఇంటి వసారాలో దండెం మీద నీలం రెయిన్‌కోటు వేలాడుతోంది. "అక్కా, దీన్ని మీరేమంటారు?" అన్నాను. ఆవిడ నన్ను కాదు, నా నోటుబుక్కును చూసింది. "అది మాది కాదు. పక్కింటోళ్లది." పక్కింటాయన తల కూడా ఎత్తలేదు. "మాకు కోట్లెందుకు సామీ, మేం తడస్తాం" అన్నాడు. ఆ వీధిలో ఎవరికీ వానకోటు లేదట. నేను నడిచేకొద్దీ మాత్రం దండేల మీద నుంచి కోట్లు ఒక్కొక్కటే లోపలికి పోతున్నాయి. వాళ్లు మాట దాస్తున్నారని నాకు అనుమానం. నేనేం దాస్తున్నానోనని వాళ్లకు అనుమానం.

వాన పెద్దదై, మళ్లీ మొదటి ఇంటి చూరు కిందికే చేరాను. ఆ అక్క మొగుడు పార భుజాన వేసుకుని బయల్దేరబోతూ నన్ను చూసి ఆగిపోయాడు. నీళ్లు తీయకపోతే నారుమడి మునిగిపోతుంది. కోటేమో తలుపు వెనక, నేనేమో తలుపు ముందు.

"ఈయన యెప్పుడు పోతాడే?" అని గొణిగాడు.

"పోయినేడు ఒకాయన ఇట్టనే పుస్తకం పట్టుకోని వచ్చి, ఫ్రిజ్జుండాదా అని నవ్వతా అడిగినాడు" అంది అక్క, నాకు వినపడేటట్టే. "పైనెలకు మా అత్త పింఛను ఆగిపాయ. ఇప్పుడు కోటంట!"

"నేను సర్కారు మనిషిని కాదక్కా, పేపరువాణ్ణి."

"ఆయన గూడా సర్కారోణ్ణి కాదనే చెప్పినాడు."

చివరికి ఆమె తలుపు బార్లా తీసి లోపలి నుంచి గోనెసంచి తెచ్చింది. ఒక మూలను రెండో మూలలోకి దూర్చి మొగుడి నెత్తిన బోర్లించింది. "ఈ కొప్పెరేసుకోని పో. మీ నాయన యేసుకోలా?"

నా ప్రాణం లేచొచ్చింది. గబుక్కున ఫోనుతో ఒక ఫోటో తీసి, "కొప్పెరా? ఆ పేరెందుకక్కా?" అన్నాను.

"ఇంటి నెత్తిన కొప్పుండదా? అట్టనే మనిషికి కొప్పెర" అంది. (ఆ పుట్టుక నిజమని ఇప్పటికీ ఒట్టేసి చెప్పలేను.) నా పెన్ను కదలడం చూడగానే ఆమె మొహం మారింది. "గోతాం గూడా రాస్తుండావా? గోతాముంటే గూడా రేషను కార్డు పీకేస్తారా అబ్బయా?"

శనివారం పెద్దాయన నా కాగితం రెండుసార్లు చదివాడు. "ఇది నువ్వు కల్పించలేదని నమ్మకమేంటి? ఆమె పేరేది? ఫోటో ఏది?" ఫోటో నా జేబులో ఫోనులోనే ఉంది. అందులో గోనె కప్పుకున్న మనిషి, ఆయన వెనక తెరిచిన తలుపు, మేకుకు నీలం కోటు. ఒక కోటుకు పింఛను ఆపరని నాకు తెలుసు. ఫ్రిజ్జుకు ఆపుతారని ఆమె కూడా అనుకుని ఉండదు.

"ఫోటో తీయలేదండీ" అన్నాను. ఆయన నా కాగితంలో సగానికి పైగా కొట్టేశాడు. "సరే, ఇంకో నెల చూద్దాం" అన్నాడు.

ఆదివారం కొప్పెర నాలుగు లైన్లలో, పేజీ అడుగున, ఎవరి పేరూ లేకుండా వచ్చింది. బస్టాండులో నా పక్కన కూర్చున్నాయన సరిగ్గా అదే చదువుతున్నాడు. "అది నేనే రాశాను" అనబోయి, ఆధారం అడుగుతాడేమోనని నోరు మూసుకున్నాను. ఇప్పుడైతే ఆ సిగ్గు లేదు గనక, ఆయన పేపరు విప్పకముందే చెప్పేసేవాణ్ణి.