కొత్తల్లుడు అలిగాడు

బట్టలుతికే షాపు వెనకగదిలో, ఇస్త్రీ ఆవిరి మధ్య కూర్చుని జిప్పులు మార్చే ఆమెను అందరూ జిప్పులక్క అంటారు. అసలు పేరు ఎవరికీ చెప్పదు. చెబితే కొంప మునుగుతుంది. ఆమె వదిలి పారిపోయి వచ్చిన దేశంలో తమ్ముడూ మరదలూ ఇంకా ఉన్నారు. అక్కడ ఏలేవాడికి పారిపోయినవాళ్ళు దొరక్కపోతే మిగిలినవాళ్ళు చాలు.

వాడి పేరు ఎత్తితేనే జైలు. అందుకని జిప్పులక్క తండ్రి, మహా కొంటెమనిషి, ఇంట్లో వాడుకోవడానికి వాడికి కొత్తల్లుడని పేరు పెట్టాడు. తిండిగింజలు దొరక్కపోతే 'కొత్తల్లుడికి ఆకలెక్కువైంది'. కర్ఫ్యూ పెడితే 'కొత్తల్లుడు అలిగాడు'. "గద్దెనెక్కి ముప్పై ఏళ్ళయింది, ఇంకా కొత్తేమిటి నాన్నా?" అని కూతురడిగితే, "మర్యాదలు తగ్గించమన్నాడా మరి?" అనేవాడు. ఆ ఇంటివాళ్ళూ, పక్కవాటావాళ్ళూ తలుపులేసుకుని మరీ నవ్వుకునేవారు. తండ్రి పోయాడు, మాట మిగిలింది.

ఇక్కడ ఆమె ప్రాణానికి ఒక డైరెక్టరమ్మ దాపురించింది. కోటు జిప్పు మార్పించుకోవడానికి వచ్చి, మాటల్లో పెట్టి సంగతి లాగి, పారిపోయి వచ్చినవాళ్ళ మీద డాక్యుమెంటరీ తీస్తున్నానంది. జిప్పులక్క కుదరదంటే కుదరదంది. "ముఖం మసక చేస్తాం, గొంతు మారుస్తాం. కన్నతల్లి కూడా మిమ్మల్ని పోల్చుకోలేదక్కా" అంటూ ఆవిడ బెల్లం చుట్టూ ఈగలా తిరిగింది. జైల్లో చచ్చిపోయిన మొగుడి గురించి ఎక్కడో ఒకచోట చెప్పుకోవాలని జిప్పులక్కకూ ఉంది. ఆఖరికి సరేనంది.

కెమెరా ముందు మొగుణ్ణి తలుచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చాక మనసు తేలికపడి, నోరుజారి కొత్తల్లుడి సంగతి కూడా చెప్పేసి నవ్వింది. ఇంటికెళ్ళాక తట్టింది. ముఖం దాస్తారు, గొంతు దాస్తారు, ఆ మాటనెక్కడ దాస్తారు? వెంటనే ఫోన్ చేసింది.

"అమ్మా, ఆ ఒక్క మాట తీసెయ్యి. అది మా ఇంటిమాట. వింటే అక్కడివాళ్ళు ఇట్టే పోల్చేస్తారు."

"అయ్యో, సినిమాకి ప్రాణం అదేనక్కా! అల్లుడని ఎవరైనా అంటారు. మీది ఉత్త భయం."

"భయం కాదమ్మా, మా తమ్ముడు."

"సరే, చూస్తాలెండి."

చూస్తాలెండి అంటే చెయ్యనని అర్థం. ఆ సంగతి పసిపిల్లలకు కూడా తెలుసు. అయినా జిప్పులక్క నమ్మింది, నమ్మక ఏం చేస్తుంది పాపం!

మొదటి ఆటకు పిలిచి, ఎవరికీ తెలియకుండా చివరి వరుసలో కూర్చోబెట్టారు. మొగుడి చావుకు హాలంతా ముక్కులు చీదింది. కొత్తల్లుడు రాగానే అదే హాలు పగలబడి నవ్వి, చప్పట్లు కొట్టింది. జిప్పులక్క కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

సినిమాకు బహుమతొచ్చింది. ఆ దేశంలో జనం దొంగచాటుగా ఫోన్లలో చూసుకున్నారు. కొత్తల్లుడి మనుషులూ చూశారు.

ఆదివారం ఆదివారం తమ్ముడు ఫోన్ చేసేవాడు. ఆ ఆదివారం మరదలు చేసింది.

"వదినా, కొత్తల్లుడు అలిగాడు."

"తమ్ముడేడే?"

"ఆయన్నే తీసుకెళ్ళారు. పక్కవాటాయన్ని చావగొడితే, ఆ మాట మనింటిదని చెప్పేశాడు. అది పోయిన మామయ్యగారు పెట్టిన పేరండీ అని వాళ్ళ కాళ్ళు పట్టుకున్నాను వదినా. చచ్చినవాణ్ణి తేలేం, కొడుకు చాలన్నారు."

విషయం తెలిసి డైరెక్టరమ్మ పరుగున వచ్చింది. కళ్ళనిండా నీళ్ళు. దొంగనీళ్ళు కావు, ఉన్నమాట చెప్పుకోవాలి. భుజానికి కెమెరా కూడా ఉంది.

"క్షమించండక్కా. మీ తమ్ముడి కోసం లోకమంతా అడిగేలా చేద్దాం. మీరు ఒక్కసారి మాట్లాడితే..."

"ఆ మాట తీశావా?"

"ఇప్పుడు తీసి ఏం లాభం?"

నిజమే, చేతులు కాలాక ఆకులెందుకు? జిప్పులక్క ఆవిణ్ణి ఎగాదిగా చూసింది.

"మా ఇంటికి నువ్వు రెండో కొత్తల్లుడివమ్మా. మర్యాదలకేం తక్కువ చేశాను? ఏడుపు పెట్టాను, నవ్వు పెట్టాను, తమ్ముణ్ణి పెట్టాను. ఇంకా ఆకలేనా?"

అని, మిషను కింద ఎవరిదో ప్యాంటు సర్ది, తొక్కడం మొదలుపెట్టింది.