మొబ్బుకూ మబ్బుకూ మధ్య

నిన్న పొద్దున అలిపిరి వైపు నడకకు వెళ్ళినప్పుడు, నాతోపాటే రిటైరైన మిత్రుడొకాయన నన్ను దారి పక్క గట్టు మీద కూర్చోబెట్టి, జేబులోంచి తన ఫోను తీసి చూపించి, దీనికి కాలం చెల్లిపోయింది, తరువాతది ఏది కొనమంటావు, నువ్వు పోయినేడే కదా కొన్నావు, అని అడిగాడు. మన ఈడువాళ్ళం ఇద్దరం కలిస్తే ఒకప్పుడు పిల్లల చదువులు, తరువాత మోకాళ్ళ నొప్పులు, ఇప్పుడు ఫోన్లు, ఇవే కదా మాటలు. కెమెరా ఎట్లా ఉంది, బ్యాటరీ సాయంత్రం దాకా నిలుస్తుందా, అక్షరాలు పెద్దవిగా కనిపిస్తాయా అని ఆయన ఒకటొకటిగా అడుగుతూనే ఉన్నాడు గానీ, నేను మాత్రం కొండ అంచు మీద వాలుతున్న మబ్బులను చూస్తూ ఎక్కడికో వెళ్ళిపోయాను. ఈ ఏడాదిగా నాకు మబ్బు కనబడితే చాలు, మా ఆవిడా, వాళ్ళ అక్కా గుర్తుకొస్తారు. నవ్వూ వస్తుంది, ఆ నవ్వు వెనకాలే సిగ్గూ వస్తుంది.

మా ఆవిడది పాకాల దగ్గర ఒక పల్లె. అక్కచెల్లెళ్ళు ఇద్దరే. అక్కను శ్రీకాళహస్తిలో ఇచ్చారు, చెల్లెల్ని బడిపంతులునని నాకిచ్చారు. వదినకు కొన్నేళ్ళుగా చెవులు మందగిస్తూ వచ్చి, చివరికి ఆ కాస్త వినికిడీ పోయింది. వాళ్ళింట్లోవాళ్ళు చెవికి పెట్టుకునే మిషను తెచ్చిచ్చారు గానీ, అది పెట్టుకుంటే తలకాయలో పాకాల జంక్షనంతా కూతలు పెడుతోందని ఆమె తీసి అల్మరాలో పడేసింది. దాంతో రోజూ ఫోనులో గంటలకొద్దీ మాట్లాడుకునే అక్కచెల్లెళ్ళకు మాట ఆగిపోయింది. ఒక నెల రోజులు మా ఆవిడ ఫోను చేతిలో పట్టుకుని ఊరికే కూర్చునేది. తరువాత ఎవరు ముందు మొదలుపెట్టారో తెలియదు, ఇద్దరూ రాసుకోవడం మొదలుపెట్టారు. పదో తరగతి దాటని చదువులే ఇద్దరివీ, అయినా ఒక్కొక్క అక్షరం వెతికి నొక్కుకుంటూ, తెల్లవారుజామున లేచింది మొదలు సాయంత్రం దీపం పెట్టేదాకా రాసుకునేవాళ్ళు. ఆమెకు మిగిలిన అక్క అంటే ఇక ఆ రాతలే.

వాళ్ళు మాట్లాడినట్టే రాసుకునేవాళ్ళు. ఎర్రగడ్డలు తరిగితే కండ్లు మండుతా ఉండాయనీ, అనపకాయలొచ్చినాయి, పితికిపప్పు చేసినాననీ, నా తావ ఉండే పాత చీర నీకు పంపిస్తాననీ, ఇట్లా. మా వైపు మొబ్బు అంటే చీకటి. తెల్లవారకముందే లేస్తే మొబ్బులోనే లేసినామంటారు. రోజూ మొదటి సందేశం దాంతోనే మొదలయ్యేది, మొబ్బులోనే లేసినా అని ఒకరు, నేనూ మొబ్బులోనే లేసినా అని ఇంకొకరు. అప్పటి మా ఆవిడ ఫోను చవకది, దానికి తప్పొప్పుల పట్టింపు లేదు, ఏది నొక్కితే అది పంపేది. నేను పక్కన కూర్చుంటే మా ఆవిడ ఫోనును కొంగు చాటుకు జరుపుకునేది. ఎందుకలా దాస్తుందో నాకు తెలుసు. తెలిసీ తెలియనట్టుండేవాణ్ణి.

అది చెప్పాలంటే నలభై ఏళ్ళు వెనక్కి పోవాలి. అప్పుడు నేను చిత్తూరులో ఒక హైస్కూల్లో కొత్తగా చేరిన తెలుగు పండితుణ్ణి. మా ఇంట్లోనూ పుట్టినప్పటినుంచీ విన్నది ఆ మాటే. నా తండ్రిని నేను నాయనా అనే పిలిచాను, సంగటి ఉండాదా అనే మా అమ్మను అడిగాను. కానీ తిరుపతిలో భాషాప్రవీణ చదువుకు చేరిన మొదటి నెలలో, నేను లేచి పాఠం అప్పజెబితే తరగతంతా నవ్వింది. ఆ నవ్వు నన్ను చాలాకాలం వదల్లేదు. హాస్టలు గదిలో తలుపు వేసుకుని, ఉండాదిని ఉందిగా, యాడను ఎక్కడగా, సూడును చూడుగా పలుకుతూ నా నోటిని నేనే దిద్దుకున్నాను. దిద్దుకున్నవాడికి ఇతరులను దిద్దే హక్కు వచ్చిందనుకున్నాను, కాబోలు.

కాపురానికి వచ్చిన కొత్తలో మా ఆవిడ గలగలా మాట్లాడేది. చిత్తూరులో మేముండిన వాటాకు వెనక సన్నటి వసారా ఉండేది, సాయంత్రం నేను బడినుంచి రాగానే అక్కడ కూర్చుని, పల్లెలో ఎనుము ఈనిన సంగతి దగ్గరనుంచి పక్కింటామె పులుసులో ఉప్పు మరిచిన సంగతి దాకా ఊపిరి తీసుకోకుండా చెప్పేది. ఆ గొంతు ఇప్పటికీ కలలో ఒక్కోసారి వినిపిస్తుంది. మాటలు అర్థం కావు, ఊగుతూ వచ్చే ఆ తీరు మాత్రం తెలుస్తుంది. ఒకరోజు మా హెడ్మాస్టరుగారినీ, తోటి పంతుళ్ళనూ భోజనానికి పిలిచాను. గుంటూరు వైపునుంచి వచ్చిన మనిషి ఆయన. ఇంకా రవంత యేసుకోండి సార్, కూర శానా ఉండాది, అని ఆమె మనసారా వడ్డిస్తుంటే, ఆయన కాస్త నవ్వినట్టనిపించింది. ఎగతాళిగా నవ్వాడో, ఆ ఆదరణకు సంతోషించి నవ్వాడో ఇప్పుడు నేను చెప్పలేను. వాళ్ళు చేతులు కడుక్కుని వెళ్ళగానే నేను మా ఆవిణ్ణి నిలబెట్టి, ఉండాది కాదు ఉంది అనాలి, శానా కాదు చాలా అనాలి, ఏమయ్యా కాదు ఏమండీ అనాలి, అని పాఠం చెప్పాను.

బుద్ధిమంతురాలు, నెల రోజుల్లో నేర్చేసుకుంది. తడబడకుండా పలకడం కోసం మాటలు తగ్గించుకుంది. నేను అది చూసి, మా ఆవిడకు నాగరికత వచ్చిందని మురిసిపోయాను. ఇన్‌లాండు కవరు మీద అక్కకు జాబు రాసి, చిరునామా కోసం నా చేతికిస్తే, ఆ కాగితం మీద కూడా తప్పులు దిద్దేవాణ్ణి. కొట్టివేతలు బాగుండవని ఒకటి రెండుసార్లు మొత్తం నేనే తిరగరాసి పోస్టు చేశాను. ఇదంతా ప్రేమతోనే చేశాను. ఆ సంగతి ఎవరికి చెప్పినా ఒప్పుకోరు గానీ, నిజం.

ఇక పోయినేటి మాటకొస్తాను. పాత ఫోను వీపు ఉబ్బి, మధ్యాహ్నమయ్యేసరికి నాలాగే కునుకు తీయడం మొదలుపెట్టింది. కొత్తది కొందామని ఇద్దరం బజారుకు వెళ్ళాం. అంగట్లో ఉన్నామె ఓపిక గల మనిషి. ఒకటి చంద్రుణ్ణి దగ్గరగా చూపిస్తుందంది, ఒకటి నీళ్ళలో పడినా బతుకుతుందంది, ఒకటి మడతపెడితే తమలపాకుల పెట్టె అంత అవుతుందంది. మా ఆవిడ అడిగింది ఒక్కటే, అక్షరాలు పెద్దవిగా కనిపిస్తాయా అని. నేను మాత్రం గడుసుగా, తెలుగు సంగతేమిటని అడిగాను. అంగట్లో ఆమె ఒక ఫోను తీసి, ఇందులో మీరు తెలుగు ఎట్లా రాసినా అదే సరిచేసి శుద్ధంగా పంపుతుంది సార్, అని తప్పులతడకగా ఒక వాక్యం రాసి చూపించింది. వేలు తీసేలోగా ఆ వాక్యం తలదువ్వుకుని బొట్టు పెట్టుకున్నట్టు తయారైంది. ముప్ఫైఅయిదేళ్ళు నేను చేసిన పని అది కన్నుమూసి తెరిచేలోగా చేస్తుంటే నాకు ఒళ్ళు పులకరించింది. ఇంక వేరే ఫోను చూడనివ్వలేదు. ఇంటికి రాగానే ఆ సదుపాయం ఎప్పుడూ పనిచేసేలా నా చేతులతోనే పెట్టాను. మా ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసి, బాగుందండీ, అంది.

తరువాత రెండు వారాలు ఇల్లు ఎందుకో చప్పబడింది. అక్కనుంచి వచ్చే సందేశాలు పొట్టివయ్యాయి. సరే, మంచిది, అట్లనే. మా ఆవిడ రాసేవీ తగ్గాయి. నేను పట్టించుకోలేదు.

ఒకరోజు నేను నడకనుంచి వచ్చి చెప్పులు విప్పుతున్నాను, గేటు ముందు ఆటో ఆగింది. వదిన దిగింది. చేతిలో ఫోను తప్ప సంచి కూడా లేదు, ఇంట్లో కట్టుకునే నేత చీరతోనే తొలి బస్సెక్కి వచ్చేసింది. నన్ను పలకరించను కూడా లేదు, తోసుకుని లోపలికి పోయి, వంటింట్లో ఉన్న చెల్లెలి రెండు బుగ్గలూ పట్టుకుని తడుముతూ నిలబడింది.

"ఏమ్మే, బాగుండావా? నీకేం కాలేదు గదా? నాలుగు తూర్లు రాసినా, పలకవేందే?"

ఫోను గదిలో ఛార్జింగుకు పెట్టి మా ఆవిడ పాలకు వెళ్ళిందట, చూసుకోలేదు. వదిన తన ఫోను తెరిచి మా ఇద్దరి ముందూ పెట్టింది. ఆ పొద్దున చెల్లెలు రాసిన సందేశం అందులో ఉంది. "మబ్బులోనే ఉన్నాను. ఇక్కడ చల్లగా ఉంది. నువ్వు ఎప్పుడు వస్తావు?"

"సూడు అయివోరా, నువ్వే సెప్పు," అంది వదిన నావైపు తిరిగి. బడిపంతులునని ఆమె నన్ను మొదటినుంచీ అయివోరనే అంటుంది. "మబ్బులో ఉందంట. ఆడ సల్లగా ఉందంట. నన్ను ఎప్పుడొస్తావని అడగతా ఉండాది. యాడికి రమ్మంటా ఉందో అని నాకు కాలూసేతులు ఆడలేదు."

మొబ్బులోనే ఉండా, ఈడ సల్లగా ఉండాది, అని మా ఆవిడ చీకట్లో డాబా మీద నిలబడి రాసిన మాటను మా కొత్త ఫోను శుద్ధి చేసి, పెళ్ళాన్ని ఏకంగా స్వర్గానికి పంపింది. నాకు నవ్వాగలేదు. మా ఆవిడ కూడా నవ్వుతూ, అక్కకు వినబడదు కాబట్టి ఫోను తెచ్చి, నాకేం కాలేదక్కా, బాగుండా, అని రాసింది. ఫోను దాన్నీ వదల్లేదు. నాకు ఏమీ కాలేదు అక్కా, నేను బాగున్నాను, అని చక్కగా దిద్ది చూపించింది. వదిన చదివి తల అడ్డంగా ఊపింది.

"ఇది నా సెల్లెలు రాసింది గాదు. రెండు వారాలుగా ఇట్లనే వస్తా ఉండాయి. పెండ్లయిన కొత్తలో జాబులు గూడా ఇట్లనే వచ్చేటివి. అప్పుడు గూడా ఆ కాగితం తిప్పి తిప్పి సూసేదాన్ని, నా సెల్లెలు యాడికి పాయనో అని."

ఆమె కోపంగా అనలేదు. చెవులు వినబడనివాళ్ళు మాట్లాడినట్టు కాస్త గట్టిగా అంది, అంతే. నా నవ్వు ఆగిపోయింది. మా ఆవిడ పొయ్యి వైపు తిరిగి పాలు చూడసాగింది.

ఆ సదుపాయాన్ని తీసెయ్యడానికి నాకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు. వదిన రెండు రోజులుంది. అక్క పైకి మాట్లాడుతుంది, చెల్లెలు ఫోనులో రాసి చూపిస్తుంది, అక్క దాన్ని చదువుకుని పకపకా నవ్వుతుంది. నేను ముందుగదిలో పడక్కుర్చీలో పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కళ్ళు మూసుకుని వింటూ ఉండేవాణ్ణి. పాకాల పల్లె, అనప చేలు, వాళ్ళ నాయన ఎద్దులబండి, మా అమ్మ పులుసు కలిపే చెయ్యి, అన్నీ ఆ గొంతులోంచి మెల్లగా నడుచుకుంటూ వచ్చేవి. మగతగా ఉండేది, మేలుకోవాలనిపించేది కాదు. అయితే నాకు వినబడింది సగమే. రెండో సగం మా ఆవిడ వేళ్ళ కింద ఫోను అద్దం మీద చప్పుడు లేకుండా సాగిపోయింది.

వదిన వెళ్ళిన కొన్నాళ్ళకు ఒక తెల్లవారుజామున నేనూ త్వరగా లేచి, డాబా మీద ఫోను పట్టుకుని నిలబడి ఉన్న మా ఆవిడ పక్కకు వెళ్ళి, ఎన్నో ఏళ్ళుగా నా నోట్లోకి రాని మాటను కూడదీసుకుని, మొబ్బులోనే లేసినావా, అని అడిగాను. ఆమె ఆశ్చర్యంగా చూసింది. తరువాత నవ్వింది, మంచి నవ్వే. "లేచానండీ. కింద కాఫీ ఉంది, చల్లారకముందే తాగండి," అంది.

అప్పటినుంచీ అప్పుడప్పుడూ ప్రయత్నిస్తూనే ఉన్నాను. నాకే ఆ మాటలు అరువు తెచ్చుకున్నట్టుంటాయి, ఆమె నవ్వి ఊరుకుంటుంది, నాతో మాత్రం నేను నేర్పిన తెలుగే మాట్లాడుతుంది. మన కాలంలో పాకాలనుంచి చిత్తూరుకు ఒక జాబు రావడానికి మూడు రోజులు పట్టేది, పోస్టుమాను కోసం వీధి గుమ్మంలో నిలబడేవాళ్ళం. ఇప్పుడు మా ఆవిడ మాట ఆమె పలికినట్టే, ఒక్క అక్షరం చెదరకుండా, రెప్పపాటులో శ్రీకాళహస్తికి పోతోంది. వంటింట్లోంచి ముందుగదిలో ఉన్న నా దగ్గరికి మాత్రం ఇంకా రాలేదు.