వణికే చేతి చుట్టూ గీత

మా తిరుపతి ఆఫీసులో ఏసీ ఆగిపోయిన మధ్యాహ్నాల్లో కంప్యూటరు పెట్టెలోంచి వేడెక్కిన దుమ్ము వాసన వస్తుంది. మొన్న మంగళవారం కూడా వచ్చింది. ఆ వాసన తగలగానే చిత్తూరులో ఒక మేడ మీది గది, కిటికీకి వేలాడగట్టిన తడి గోనెపట్ట, దాని పక్కన కూర్చున్న కస్తూరి అక్క గుర్తుకు వచ్చారు. పెళ్లి వీడియోలు తయారుచేసే స్టూడియో ఆమెది; నాకు తొలి యజమాని ఆమే. తండ్రి ఫొటో స్టూడియోలో నెగెటివుల మీద మచ్చలు దిద్దుతూ పెరిగిన మనిషి కాబట్టి, తెర మీద లోపం కనిపిస్తే వెంటనే మౌసు పట్టుకునేవారు కాదు. కాసేపు ఊరికే చూసేవారు. లెక్క ప్రకారం నడవని పని అంటే నాకు అసహనం. ఆమె చూస్తూ కూర్చోవడం కాలహరణమని మొదట్లో అనుకునేవాణ్ణి.

కదిలే మనిషి చుట్టూ ఒక్కొక్క ఫ్రేములో గీత గీసి, అతణ్ణి వెనుక దృశ్యం నుంచి విడదీసే పనిని రోటోస్కోపింగ్ అంటారు. అలా విడదీసిన మనిషిని మరో దృశ్యంలో నిలిపి, అంతా కలిపి ఒకే వీడియోగా కంప్యూటరు చేత తయారు చేయించడం రెండరింగ్. నాకు అప్పగించిన పెద్ద పని ఒక పెళ్లికూతురి తండ్రిది. ఆయన పోయి చాలాకాలమైంది. కార్వేటినగరంలో ఎవరి పెళ్లిలోనో ఆయన అక్షింతలు వేస్తున్న పాత టేపు మాత్రం మిగిలింది. కాణిపాకంలో జరిగిన కూతురి పెళ్లి వీడియోలో ఆయన ఆమె పక్కన నిలబడి దీవించాలి. మరునాటి సాయంత్రం రిసెప్షన్లో తెర మీద వేయాలి. ముహూర్తం అయ్యాక కెమెరామన్ ఆ అమ్మాయితో, నాన్న పక్కనే ఉన్నాడనుకుని తల వంచమన్నాడట. ఆమె మరీ పక్కకు ఒరిగి, మెడ ముందుకు చాచింది. నా కంటికి అది సరిగా రాని షాటు.

రెండరింగ్ ప్రతిసారీ ఆయన చెయ్యి ఎత్తేచోటే ఆగిపోతోంది. మొదలైన వేళ, ఆగిన వేళ రాసుకుంటూ మళ్లీ మళ్లీ నడిపించాను. అక్క చూసి, "మిషనును తిట్టబాకప్పా. టేపులో ఆడ ఒక బొమ్మ చెడిపోయి ఉండాది, దాన్ని దాటలేకుండా నిలబడిపోతా ఉండాది," అన్నారు. చెడిన ఫ్రేమును తీసేసి, ముందున్నదాన్నే దాని చోట నిలిపాము. వీడియో పూర్తయింది. కానీ ఆయన చెయ్యి అంచు వణుకుతోంది.

అప్పటికి పెళ్లికూతురి మేనమామ వచ్చి నా వెనక కుర్చీ వేసుకున్నాడు. "మా బావ బతికుండంగా ఇంత సేపు ఒకసోట నిలబడింది లేదు," అని నవ్వించి, గొంతు తగ్గించి, ఆ వణుకు మాత్రం కనపడనీయవద్దని, పదిమందీ చూస్తారని అడిగాడు. నేను అప్పటికే చేతిని నున్నగా చేసే మీట వైపు వెళ్తున్నాను. అక్క నా మణికట్టు మీద వేలు పెట్టి ఆపారు.

"నీ గీత తీసేసి, ఉత్త టేపు సూడు."

గీత తీసి చూశాను. వెనుక పందిరి గుంజ నిశ్చలంగా ఉంది. చెయ్యి మాత్రం వణుకుతోంది, మరీ అంత కాదు. ప్రతి ఫ్రేములోనూ గీతను పట్టి ఉంచే చుక్కలు జరిపి నేను తెచ్చిన వణుకు దానికి తోడయింది. కదలిక మొదలైనచోట, ముగిసినచోట చుక్కలు పెట్టి, మధ్యలో అవసరమైతేనే ముట్టుకోమన్నారు అక్క. తర్వాత పెళ్లికూతురి తల్లికి ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి, ఆయన చెయ్యి ఎలా ఉండేదని అడిగారు.

ఆమె అవతలి నుంచి చెప్పింది. "ఆయన సెయ్యి అంతే కదమ్మా. అక్షింతలు నెత్తిన పడేలోపలే సగం రాలిపోతా ఉండె. అందుకే మా పాప ఒరిగి, ఆ సెయ్యి యాడికి పోతే ఆడికే తలకాయ తీసుకపోతా ఉండె."

మేనమామ కిటికీ వైపు తిరిగాడు. అక్క నాతో మెల్లగా, "మన వణుకు తీసెయ్యప్పా. ఆయనది ఉండనీ," అన్నారు.

ఆయన్ని కొంచెం ముందుకు జరిపాను. వణికే చెయ్యి ఆ అమ్మాయి తల మీదికి సరిగ్గా వచ్చింది. నేను తప్పు షాటు అనుకున్నది తండ్రి ఉన్న చోటును వెతుక్కుంటూ వెళ్లిన తల అని అప్పుడు తెలిసింది. మరునాడు రిసెప్షన్లో హాలు చివర అక్కతో పాటు నిలబడి చూశాను. తెర మీద చెయ్యి లేవగానే, వేదిక మీద పట్టుచీరలో కూర్చున్న అమ్మాయి తనకు తెలియకుండానే పక్కకు ఒరిగింది. తల్లి తెరను చూడలేదు, కూతురినే చూసింది.

ఇప్పుడు సాఫ్టువేరే గీతలు గీస్తుంది, అడగకుండానే అన్నీ నున్నగా చేస్తుంది. కస్తూరి అక్క లేరు. ఈ వారం, చనిపోయిన ఒక పెద్దావిడ పాత వీడియోలో ఒక కన్ను రెండోదానికన్నా ఆలస్యంగా మూసుకుంటోంది. సాఫ్టువేరు దానికి లోపమని ఎర్ర గుర్తు పెట్టింది. నేను మౌసు వదిలి, వాళ్ల ఇంటికి ఫోన్ చేసి, ఆవిడ కన్ను ఎలా ఉండేదని అడిగాను.