అసలు పులిగోరే మేడమ్!

2022లో నేను అబుదాబిలో వన్యప్రాణుల కేసులు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. మాది నెల్లూరు, ఉండేది బనియాస్‌లో. దంతం, తోలు, ఈక, ఏది పట్టుబడినా అది ఏ జంతువుదో తేల్చడమే మా పని. ఆ రోజు వెండి కట్టు వేసిన పులిగోరు లాకెట్ వచ్చింది. దాన్ని వేసుకున్న మనిషి తెలుగువాడని, మాట్లాడించడానికి నన్నే పిలిచారు.

పేరు మల్లయ్య. జగిత్యాల పక్క పల్లె, ఇక్కడ ముసఫ్ఫాలో వెల్డర్. కటింగ్ మెషీన్‌లో పడి ఎడమ చూపుడువేలి కొస తెగిపోయిందట. సెలవులో ఇంటికి వెళితే తల్లి ఆ వేలు చూసి ఏడ్చి, తాత లాకెట్ రక్షగా మెడలో వేసి పంపింది. తిరిగొస్తూ ఎయిర్‌పోర్టులో దొరికిపోయాడు.

గోరు అసలైనదైతే జైలు, ఉద్యోగం కూడా పోతుంది. నకిలీదైతే వదిలేస్తారు. పాపం, అతనికి ఆ సంగతి తెలియదు.

"ఇదేంటని అధికారి అడుగుతున్నారు" అన్నాను.

"అసలు పులిగోరే మేడమ్! మా తాత సంపాదించిండు. డూప్లికేట్ గాదు, అమ్మతోడు!"

నకిలీ సరుకు తెచ్చాడని అనుమానిస్తున్నారనుకుని రోషపడ్డాడు మహానుభావుడు. నాకు ఒళ్లు మండింది. ఆ మాట మింగేద్దామా అనిపించింది కూడా. కానీ దుబాసీగా కూర్చున్నాక మాట మార్చకూడదు. ఉన్నదున్నట్టు చెప్పాను, అధికారి రాసుకున్నాడు.

ముందు ఎక్స్‌రే తీశాం. పులిగోరు లోపల వేలి ఎముక ఉంటుంది, ఇందులో లేదు. అయితే ఎముక తీసేసి పై పెంకు మాత్రమే అమ్మేవాళ్లూ ఉన్నారు, అందుకని అది చాలదు. సన్నటి డ్రిల్‌తో చిటికెడు పొడి తీసి డీఎన్ఏ పరీక్ష చేశాం. అంటే జంతువు కణాల్లోని గుర్తును మా దగ్గరున్న గుర్తులతో పోల్చి చూడటం. ఫలితం వచ్చింది: గేదె కొమ్ము!

సంతకానికి మల్లయ్యను మళ్లీ తీసుకొచ్చారు. సంబరంగా చెప్పాను. అతని మొహం వాడిపోయింది.

"మా తాతను మోసం జేసిన్రా?" అన్నాడు. మళ్లీ తనే, "గట్లయితే అసలుది యాడ దొరుకుతది మేడమ్? మా అమ్మకు ధైర్యం ఉండాలె గద" అన్నాడు.

నా సంబరం అక్కడే దిగిపోయింది. తిట్టబోయి, ఎందుకో ఆగి, పాత కేసులోని ఎక్స్‌రే ఒకటి తెరిచి మానిటర్ అతని వైపు తిప్పాను.

"ఇది అసలుది, మల్లన్నా. లోపల తెల్లగా ఉందే, అదే ఎముక. గోరు ఊరికే ఊడిరాదు. వేలి కొస నరికితేనే వస్తుంది."

దాన్ని చూస్తూనే కుడిచేత్తో తన మొండివేలిని పట్టుకున్నాడు.

"వద్దు మేడమ్. అమ్మకు నేను చెప్త."

అప్పటిదాకా రిపోర్టు ఇస్తే నా పని అయిపోయిందనుకునేదాన్ని. ఆ రిపోర్టు మల్లయ్యను కాపాడింది గానీ, పులిని కాపాడింది మాత్రం ఆ మొండివేలే. ఇప్పుడు నకిలీ గోళ్లతో దొరికినవాళ్లకు కూడా ఆ ఎక్స్‌రే చూపించే పంపుతున్నాను.