పేరు పెట్టి పిలిచిన కళ్లద్దాలు

2024లో నేను మైలాపూరులోని ఒక కంటి ఆసుపత్రిలో 'లో విజన్' ట్రైనర్‌గా పనిచేస్తున్నాను. చూపు పోయినవాళ్లకీ, మసక మాత్రం మిగిలినవాళ్లకీ ఉన్నదాంతోనే రోజు గడుపుకోవడం నేర్పే పని. అప్పుడే మా దగ్గరికి స్మార్ట్ గ్లాసెస్ కొత్తగా వచ్చాయి. చూడటానికి మామూలు కళ్లద్దాలే. పక్కన చిన్న కెమెరా, చెవి దగ్గర స్పీకరు ఉంటాయి. ఎదురుగా ఉన్నది సబ్బో, మందు సీసానో, వంద నోటో చెబుతాయి. మనుషుల్ని కూడా గుర్తుపడతాయి గానీ, ముందుగా ఫేస్ ఎన్‌రోల్‌మెంట్ చెయ్యాలి. అంటే మనిషి ఫోటోలు తీసి పేరు ఎక్కించాలి.

ఆండాళమ్మను ఆమె కొడుకు మురళి తీసుకొచ్చాడు. షుగరు వల్ల చూపు పోయింది. తరాలుగా మద్రాసులో మిరపకాయల టోకు వ్యాపారం చేసిన తెలుగు కుటుంబం, ఇప్పుడు తిరువొత్తియూరులో కాపురం. "అమ్మ మందులు తనే చూసి వేసుకోవాలి మేడం, నోట్లు గుర్తుపట్టాలి, పేపరు చదివించుకోవాలి" అని మురళి మొదలుపెట్టాడు. కొడుకులందరూ ఇంతే. అమ్మ నోరు తెరవకముందే అమ్మకేం కావాలో వీళ్లకు తెలిసిపోతుంది. నేను ఆమెవైపు తిరిగి, "మీకేం కావాలమ్మా?" అన్నాను.

"ఆయన ఈడ ఉండారా లేదా, అది తెలిస్తే చాలు పాపా" అంది.

ఆమె భర్త రంగనాథం గారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కుడి కాలూ చెయ్యీ ఆడవు. హాల్లో ఆయన కుర్చీ, దానికెదురుగా ఈమె మంచం. పగలంతా ఆమె ఏదో ఒకటి చెబుతూ ఉండేది, ఆయన వినేవారు. ఒకరోజు ఆయన్ను చూసుకునే ఆయా ఈమెకు చెప్పకుండా ఆయన్ను లోపలి గదిలో పడుకోబెట్టింది. ఆండాళమ్మ చాలాసేపు ఖాళీ కుర్చీకి కబుర్లు చెప్పింది. కోడలు వచ్చి చూసి చెప్పాక, సిగ్గుతో ముడుచుకుపోయి ఆయనతో మాట్లాడటమే మానేసింది. ఉన్నట్టు తెలిసేలా ఎడం చేత్తో కుర్చీ మీద తట్టమని మురళి తండ్రికి నేర్పాడట. ఆయన తట్టలేదు. ఒక్క కేకతో అంగడంతా నడిపిన మనిషికి అది నామోషీ అనిపించిందేమో.

ఆమె అద్దాల వాడకం చకచకా నేర్చుకుంది. ఇంటికెళ్లాక అందరి ఎన్‌రోల్‌మెంట్ మురళి చేశాడు. కొద్ది రోజులకే ఫోను. "అమ్మ పెట్టుకోవట్లేదు మేడం. తీసి డబ్బాలో పెట్టేస్తోంది."

అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని! బరువనో, చెవిలో గోలనో ఇలా పక్కన పడేసేవాళ్లు మా వృత్తిలో చాలామందే తగులుతారు. అదేదో చూద్దామని హోమ్ విజిట్‌కు రైలెక్కాను.

కొడుకు కాఫీ కోసం లోపలికి వెళ్లేదాకా ఆండాళమ్మ పెదవి విప్పలేదు. వెళ్లాక నా చెయ్యి పట్టుకుంది. "అది ఆయన్ను పేరు పెట్టి పిలస్తా ఉండాది పాపా! 'రంగనాథం' అంటాది, మూటలు మోసేవోణ్ణి పిలిచినట్టు. పెళ్లయినకాడ్నించి ఆ పేరు నా నోట రాలా. ఆయన ఎదురుగా కూచోనుంటే నేనెట్లా వినేది? ఆయనకీ ఇనపడతాది గదా."

నాకు నవ్వాగలేదు. "పోనీ, గారు చేర్చమంటారా?"

"గారు చేర్చినా పేరు పేరే గదా!"

రంగనాథం గారు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నారు. పేరు బదులు ఎవరి గొంతైనా రికార్డు చెయ్యొచ్చని చెప్పి, "మీరు ఆయన్ను ఎలా పిలుస్తారు?" అని అడిగాను.

"ఏమండీ అంటా."

"అదే పెడదాం."

"అది నేను పిలిచే మాట. పిలిచేదానికి నా నోరు బాగానే ఉండాదే. ఆయన పలకాల గదా."

"మాట ఉన్నప్పుడు ఏమని పలికేవారు?"

ఆండాళమ్మ సర్దుకు కూర్చుంది. గొంతు బొంగురు చేసి, భర్త విసుగునంతా అందులో పోసి, "ఈడనే ఉండానులే!" అంది. సరిగ్గా అదే రికార్డు చేశాను.

అద్దాలు పెట్టుకుని ఆమె కుర్చీవైపు తిరిగింది. "ఏమండీ?"

"ఈడనే ఉండానులే!" అన్నాయి అద్దాలు.

రంగనాథం గారి మూతి ఎడం పక్కకు లాగింది, భుజాలు కదిలాయి. "నవ్వతా ఉండారా?" అని ఆమె నన్నడిగింది. అవునన్నాను. ఇక నాతో పనేముంది? అన్నాళ్లు దాచుకున్న కబుర్లన్నీ, పాలవాడి తగువు దగ్గర్నుంచి, ఆయనకు చెప్పడం మొదలుపెట్టింది. మురళి కాఫీ గ్లాసుతో గుమ్మంలోనే నిలబడిపోయాడు.

ఇప్పుడు నా దగ్గరికి కొత్తగా ఎవరొచ్చినా మందుల సంగతీ నోట్ల సంగతీ తర్వాత. "ఇంట్లో ఎవరితో మాట్లాడాలనుంది?" అని ముందు అడుగుతాను. చాలామంది వెంటనే చెప్పరు. కొంచెం ఏడ్చాక చెబుతారు.